ఆమోసు 8:5: "తూము చిన్నదిగాను రూపాయి యెక్కువదిగాను". ఇది ఏ రూపాయి?

కోవూరు నుంచి ప్రశ్న:
బైబిల్లో ఆమోసు ప్రవక్త గ్రంథం 8:5లో వర్తకులు తూము చిన్నదిగా, రూపాయి ఎక్కువదిగా చేస్తారని ఉంది. తూము సంగతి తెలుస్తోంది. రూపాయి ఎక్కువ చేయడమంటే ధర పెంచడమేనా? ఇంకోటి, మన దగ్గర వడ్లు కొనేవాళ్లు పుట్టిని (850 కిలోల కొలతను) పెంచుతారే గానీ తగ్గించరు. కోతల పండుగలో ఈ వచనం చదివితే రైతుకు ఎలా వర్తిస్తుంది?

నెల్లూరు:
ధర పెంచడం కాదమ్మా. హీబ్రూ మూలంలో తూము ఉన్నచోట ఏఫా అనే ధాన్యం కొలత, రూపాయి ఉన్నచోట షెకెలు. ఆమోసు క్రీ.పూ. 8వ శతాబ్దం వాడు, అప్పటికి నాణేలు లేవు. షెకెలంటే సుమారు 11 గ్రాముల తూకం. కొనేవాడు తెచ్చిన వెండిని తక్కెడలో ఒక పక్క వేసి, రెండో పక్క రాయి పెట్టి తూచేవారు. ఆ రాయి బరువు పెంచితే అదే ధరకు ఎక్కువ వెండి ముట్టజెప్పాలి. గింజలు కొలిచేటప్పుడు ఒక దెబ్బ, వెండి తూచేటప్పుడు ఇంకో దెబ్బ. పలికిన ధర మారదు కాబట్టి బేరంలో ఎవరికీ అనుమానం రాదు.

ఒంగోలు:
అయితే షెకెలనే ఉంచాల్సింది కదా మాస్టారూ? రూపాయి అనేసరికి అందరం ధర అనుకుంటున్నాం.

నెల్లూరు:
ఇప్పటి చెవికి అలాగే ఉంటుంది. బ్రిటిష్ కాలపు వెండి రూపాయి మాత్రం సరిగ్గా తులం, అంటే 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు. 80 తులాలు ఒక శేరు. రూపాయి డబ్బూ, తూకం కూడా. షెకెలుకు అంత దగ్గరి మాట మరొకటి దొరకదు. తూము విషయంలో ఆ పోలిక కుదరదు. ఏఫా దాదాపు 22 లీటర్లు, వడ్లు పోస్తే 13 కిలోలు దాటదు. మన పుట్టి 850 కిలోలు, 20 తూములకు పంచితే తూము 42.5 కిలోలు.

ఆత్మకూరు:
రెండో ప్రశ్నకు నా జవాబు. ఆమోసు తిట్టింది అమ్మే వర్తకుణ్ణి, అందుకే తూము చిన్నది. కొనే వర్తకుడైతే అదే తూము పెద్దదవుతుంది. మన కళ్లాలకు ద్వితీయోపదేశకాండము 25:13 సరిపోతుంది: "హెచ్చు తగ్గులుగల వేరువేరు తూనికె రాళ్లు" సంచిలో ఉంచుకోవద్దని. కొనడానికి ఒక రాయి, అమ్మడానికి ఒక రాయి. 850 అని బేరమాడి, కాటా మీద 900 దాకా లాగితే అది రెండో రాయే. ఈ వచనాలను "హృదయమనే త్రాసు" అంటూ లోపలికి తిప్పేసే ప్రసంగాలు నాకు నచ్చవు. ప్రవక్త గింజల గురించే మాట్లాడాడు.

కావలి:
తేమ పేరుతో బరువులో కోసే తరుగంతా దొంగత్రాసేనా అన్నా? తేమ ఉంటే కొనేవాడికి నష్టం కదా.

ఆత్మకూరు:
కాదు, లెక్కకు నిలిచే తరుగు న్యాయమే. ప్రభుత్వ కొనుగోలులో తేమ పరిమితి 17 శాతం. 20 శాతం తేమ ఉన్న 850 కిలోలు 17కు ఆరితే, తేమ పోగా మిగిలే భాగాలతో, అంటే 850ని 80తో హెచ్చించి 83తో భాగించాలి: 819 కిలోలు. అంటే న్యాయమైన తరుగు 31 కిలోలు. 22 శాతమైతే 51. 17 లోపల ఉంటే తేమ పేరుతో ఏమీ తీయకూడదు. తేమ మీటరులో బస్తా పైగింజలే పోస్తే కొలత తప్పుతుంది, అడుగు నుంచీ మధ్య నుంచీ కూడా తీయాలి.

గోతాల దగ్గర ఇంకో చిల్లు. 50 కిలోల కొత్త జనపగోతం 580 గ్రాములు. పుట్టికి 17 గోతాలు, కలిపి పది కిలోలకు కాస్త తక్కువ. గోతానికి కిలో చొప్పున కోస్తే 7 కిలోలు ఊరికే పోయినట్టే. పాత గోతాలైతే పది కలిపి కాటా మీద పెట్టి సరాసరి తీసుకోవాలి.

ఒంగోలు:
ఆమోసులో తర్వాతి వచనం 8:6లో చచ్చుధాన్యం అంటే తాలేనా?

నెల్లూరు:
దగ్గరే. మూలంలో ఆ మాటకు రాలిపడినది అని అర్థం, జల్లెడ కింది తుక్కు అనుకోవచ్చు. తాలంటే గింజ పట్టనిది. రెండూ మంచి గింజల్లో కలిపి అమ్మేవే.

కోవూరు:
మా సంఘంలో కానుకగా వచ్చిన వడ్లు పండుగనాడే వేలం వేస్తారు. అక్కడేం చూసుకోవాలి?

ఆత్మకూరు:
తూనికలు కొలతల చట్టం లెక్కలో పుట్టి అసలు కొలతే కాదు, కిలోలూ క్వింటాళ్లే. వేలం మొదలుపెట్టేముందే పుట్టి అంటే 850 అని, గోతం బరువు పోనా కలిపా అని అందరి ఎదుటా చెప్పించండి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి, ఆ తేదీ చూడండి. ఖాళీ కాటా సున్నా చూపిస్తేనే మొదటి బస్తా ఎక్కించాలి. రసీదు కిలోల్లో రాయించి సంఘపెద్దల పుస్తకంలో అంటించండి.