నానోఫైబర్లలో పూసలు: వోల్టేజ్ పెంచాలా, ద్రావణం మార్చాలా?

సూదిమొన: ఎలక్ట్రోస్పిన్నింగ్ చేస్తున్నాను, అంటే అధిక వోల్టేజ్‌తో పాలిమర్ ద్రావణాన్ని సూదిలోంచి సన్నని దారాలుగా లాగడం. నీటిలో 6 శాతం పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్), తక్కువ అణుభారం ఉన్న రకం. 15 కిలోవోల్టులు, సూదికీ, దారాలు వచ్చి పడే కలెక్టర్‌కీ మధ్య 12 సెంటీమీటర్లు. ఎస్‌ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) చూస్తే దారాల నిండా పూసలే. వోల్టేజ్ పెంచమని మా సీనియర్ అంటున్నారు. మీరేమంటారు?

కోస్తాగాలి: ఆయన చెప్పిందే సరి. జెట్‌ను, అంటే సూదిలోంచి వచ్చే ద్రావణపు ధారను, లాగేది వోల్టేజే కదా. ఎంత లాగితే అంత సన్నబడుతుంది. 20 దాటించి చూడండి.

పోగు: ఈ మాట నేను ఒప్పుకోను. వోల్టేజ్ పెరిగితే లాగే బలం పెరుగుతుంది, నిజమే. దాంతోపాటు సూదిలోంచి ద్రావణం కూడా ఎక్కువ వస్తుంది, జెట్ కలెక్టర్‌ను తొందరగా చేరిపోతుంది. ఇక సాగడానికీ ఆరడానికీ టైమెక్కడిది? అందుకే వోల్టేజ్ పెంచితే సన్నబడ్డాయని కొన్ని పేపర్లు, లావయ్యాయని కొన్ని పేపర్లు. పీఈఓ (పాలీఇథిలీన్ ఆక్సైడ్) అనే పాలిమర్ మీద 2001లో డైట్జెల్ బృందం చేసిన పనిలోనైతే వోల్టేజ్ పెంచాక పూసలు ఇంకా ఎక్కువయ్యాయి.

పాలిమర్ గొలుసులు ఒకదానితో ఒకటి చాలినంత చిక్కుపడకపోతే, తలతన్యత జెట్‌ను బొట్లుబొట్లుగా ముడిచేస్తుంది. మీ పూసలు అవే. పీవీఏను 8కి, తర్వాత 10 శాతానికి పెంచండి. గుండ్రటి పూసలు ముందు కదురులా సాగుతాయి, ఆ తర్వాత పోతాయి. దారం కాస్త లావవుతుంది, అది తప్పదు. మళ్లీ సన్నబడాలంటే కొద్దిగా సోడియం క్లోరైడ్ కలపండి. జెట్ మీద విద్యుదావేశం పెరిగి ఎక్కువ సాగుతుంది.

అన్నట్టు, అన్ని అంకెలూ ఇచ్చారు గానీ గదిలో తేమ ఎంతో రాయలేదు. ద్రావణి నీరే కాబట్టి, వానాకాలంలో దారాలు తడిగానే పడి అతుక్కుపోతాయి. తేమ రాసుకోకుండా రెండు శాంపిళ్లను పోల్చి లాభం లేదు.

కోస్తాగాలి: తేమ సంగతి నిజమే, విశాఖలో మాకూ అదే బాధ. కానీ వోల్టేజ్ చాలకపోతే సూది చివర ద్రావణం శంకువులా నిలిచే టేలర్ కోనే ఏర్పడదు, బొట్లు రాలతాయి. అప్పుడు పెంచాల్సింది వోల్టేజే కదండీ?

పోగు: కోన్ నిలిచేదాకా వోల్టేజే, కాదనను. నిలిచాక ఇక దాని జోలికి పోవద్దంటున్నాను. సూదిమొన గారూ, స్పిన్ అవుతున్నప్పుడు సూది చివర ఫోన్‌తో జూమ్ చేసి చూడండి, చెయ్యి మాత్రం దూరంగా ఉంచండి. బొట్టు వేలాడుతోందా, కోన్ కదలకుండా ఉందా, లేక సూది లోపలికి వెళ్లిపోయిందా? లోపలికి పోతే మీకు 15 కూడా ఎక్కువే.