కిట్టు మీద గీత పడేంతగా యాంటీబాడీలు ఉన్నా హెచ్‌ఐవీ ఎందుకు ఆగదు?

ప్రశ్న – ల్యాబ్ టెక్నీషియన్, హనుమకొండ
ర్యాపిడ్ కిట్టు మీద, కిట్టు సరిగా పనిచేసిందని చూపే కంట్రోల్ గీతతో పాటు ఇంకో గీత పడిందంటే, ఆ రక్తంలో హెచ్‌ఐవీ పైపొర ప్రొటీన్లయిన జీపీ120, జీపీ41లకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై ఉండవచ్చునని అర్థం. హెపటైటిస్-బి టీకా తర్వాత కనబడే యాంటీబాడీని రక్షణగా లెక్కించే మనం, ఇక్కడ మాత్రం దాన్ని వ్యాధికి గుర్తుగా చూస్తున్నాం. ములుగు వైపు నుంచి వచ్చిన ఒకాయన “ఒంట్ల విరుగుడు తయారైనట్టే గద సార్, మరెందుకు తగ్గుతలేదు?” అని అడిగారు. ఆయనకు ఏం చెప్పాలి?

జవాబు – మైక్రోబయాలజీ అధ్యాపకురాలు, వరంగల్
ఆయన అడిగిన ప్రశ్న చాలా సరైనది. యాంటీబాడీ అతుక్కోవడం వేరు, వైరస్‌ను నిర్వీర్యం చేయడం వేరు. మూడు జీపీ120లు, మూడు జీపీ41లు కలిస్తే ఒక ముల్లు అవుతుంది. వైరస్ కణంలోకి చొరబడేది దానితోనే. అయితే ఊడిపోయిన, విరిగిపోయిన ముక్కలు కూడా రక్తంలో, వైరస్ మీద ఉంటాయి కనుక, మన శరీరం మొదట చేసే యాంటీబాడీలలో చాలా భాగం వాటి మీదికే పోతుంది. సరిగా ఉన్న ముల్లు చక్కెర అణువుల ముసుగులో ఉంటుంది. జీపీ120 బరువులో దాదాపు సగం ఆ చక్కెరలదే. వాటిని తొడిగేది మన కణమే కాబట్టి రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా చూడటం అరుదు. పైగా, ఒక రూపానికి సరిపోయే యాంటీబాడీ తయారయ్యే లోపే వైరస్ మరో రూపానికి మారిపోతుంది. ఈలోగా అది తన జన్యువులను సీడీ4 అనే రోగనిరోధక కణాల డీఎన్‌ఏలో చేర్చేసి ఉంటుంది. అక్కడికి యాంటీబాడీ చేరలేదు.

జవాబు – పరిశోధక విద్యార్థి, కరీంనగర్
మేడమ్ చెప్పినదానికి టీకాల సంగతి కలుపుతాను. 16,000 మందికి పైగా పాల్గొన్న థాయిలాండ్ టీకా ప్రయోగంలో 2009లో కనబడిన రక్షణ సుమారు 31 శాతం. జీపీ120లోని వీ1-వీ2 భాగానికి అతుక్కునే ఐజీజీ రకం యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నవారిలో ముప్పు తక్కువగా కనిపించింది. ఆ టీకానే మన దేశంలోనూ ఎక్కువగా ఉన్న హెచ్‌ఐవీ సి ఉపరకానికి తగినట్టు మార్చి దక్షిణాఫ్రికాలో పరీక్షించగా రక్షణ కనబడలేదు. 2020లో టీకాలు వేయడం ఆపేశారు. అందుకే నా దృష్టిలో ఆ 31 శాతం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు.

వీఆర్‌సీ01 వంటి, అనేక రకాలను అడ్డుకునే యాంటీబాడీల దారి నాకు మెరుగ్గా తోస్తుంది. 2021లో వెలువడిన ప్రయోగ ఫలితాల్లో వీఆర్‌సీ01ను నేరుగా రక్తనాళంలోకి ఎక్కించినా మొత్తం మీద సోకడం తగ్గలేదు కానీ, దానికి లొంగే రకాల విషయంలో మాత్రం సుమారు 75 శాతం రక్షణ కనిపించింది. అటువంటి యాంటీబాడీకి మూలమైన అరుదైన బి-కణాలను తట్టిలేపే టీకా తొలిదశలో, వేయించుకున్న 36 మందిలో 35 మందిలో ఆ కణాలు మేల్కొన్నాయి. వాటిని పరిణతికి తీసుకువెళ్లే తర్వాతి డోసులే అసలు పరీక్ష.

జవాబు – కౌన్సెలర్, జనగామ
టెక్నీషియన్ గారికి పనికొచ్చే మాట ఒకటి. ఇటువంటి ప్రయోగ టీకా వేయించుకున్నవారికి వైరస్ సోకకపోయినా కిట్టు మీద గీత పడవచ్చు. పాజిటివ్ తల్లికి పుట్టిన బిడ్డలో తల్లి యాంటీబాడీలు 18 నెలల వరకు ఉండవచ్చు గనుక మనం కిట్టును నమ్మకుండా పీసీఆర్‌కు పంపుతాం కదా. టీకా వేయించుకున్న వీరి విషయంలోనూ వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా వెతికే పరీక్షే చేయించాలి.