మడత చాకు పిడి: ఎముకా, ప్లాస్టిక్కా?

ఒహాయో తోట:
పాత పద్ధతిలో చేసిన మడత చాకు ఒకటి కొందామనుకుంటున్నాను. పెన్సిల్వేనియా బ్రాడ్‌ఫర్డ్‌లో కేస్ కంపెనీ చేసే ట్రాపర్. రెండు బ్లేడ్లు, వెన్నులో స్ప్రింగు, లాక్ ఉండదు. ఎముక పిడితోనూ దొరుకుతోంది, పసుపు సింథటిక్ పిడితోనూ దొరుకుతోంది. రెండోది చవక. తోటపనికి, పళ్లు కోసుకోవడానికి, పార్శిళ్లు విప్పడానికి రోజూ జేబులో ఉండాల్సిన చాకు ఇది. ప్లాస్టిక్ పిడి వేశాక అది సంప్రదాయ చాకు ఎలా అవుతుందని మా స్నేహితుడు వాదిస్తున్నాడు. మీరేమంటారు?

కొమ్ముపిడి:
ఎముకే తీసుకోండి. పశువు కాలి ఎముకను శుభ్రం చేసి, పలకలుగా కోసి, గాట్లు పెట్టి, రంగు ఎక్కిస్తారు. ఆ రంగు ఏ రెండు పలకల్లోనూ ఒకేలా దిగదు. కొన్నేళ్లు వాడాక చూడండి, గాట్ల మధ్య గట్లు అరిగి నున్నగా, లేతగా తేలతాయి. గుంటల్లో మాత్రం పాత రంగు అలాగే నిలుస్తుంది. బొటనవేలు ఆనే చోట ఇంకా ఎక్కువ అరుగుతుంది. ఎవరి చాకు ఎవరిదో చేత్తో తడిమి చెప్పొచ్చు. అచ్చులో పోసిన పిడికి గీతలు పడతాయేమో గానీ ఈ అందం రాదు.

నల్లమల:
కొమ్ముపిడి గారూ, అందం విషయంలో మీతో గొడవ లేదు. కానీ ఆ గాట్లు ఎక్కడివి? ఎముకకు సహజంగా అలాంటి గాట్లు ఉండవు. దుప్పి కొమ్ము గరుకుదనం రావాలని ఎముక మీద చెక్కడం మొదలుపెట్టారు. ఆ కొమ్ముల్లో అందరూ కోరుకున్నది మన కణుజుది, అంటే సాంబార్ దుప్పిది. మధ్యలో మెత్తటి భాగం తక్కువ, గట్టి భాగం మందం, అందుకే ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, జర్మనీలో జోలింగెన్ కత్తుల వాళ్లకు దానిమీద అంత మోజు. 1990ల చివర్లో మన దేశం ఆ కొమ్ముల ఎగుమతిని ఆపేసింది. కణుజు ఏటా కొమ్ములు రాల్చే మాట నిజమే. అయినా రాలిన కొమ్మేదో, చంపి తెచ్చిన కొమ్మేదో సంతలో తేల్చేదెవరు? ఆ నిషేధం పూర్తిగా సరైనదని నా నమ్మకం.

అంటే కొమ్ముకు నకలు ఎముక, ఎముకకు నకలు డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్. డ్యూపాంట్ కంపెనీ దాన్ని 1960లో మార్కెట్లోకి తెచ్చింది. ష్రేడ్ కంపెనీ వాళ్ల ఓల్డ్ టైమర్ చాకులు, ఆ గోధుమరంగు డెల్రిన్ పిడివే, అమెరికా పల్లెల్లో ఎందరి జేబుల్లోనో అరిగాయి. తాత వాడింది, తండ్రి వాడింది సంప్రదాయం కాకపోతే మరింకేది?

కొమ్ముపిడి:
అలాగైతే సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ సంగతేమిటండీ? అదీ కృత్రిమమే, అదీ తాతల నాటిదే. వయసు మీరేకొద్దీ అందులోంచి ఆమ్ల వాయువులు వచ్చి, పెట్టెలో పెట్టిన చాకు బ్లేడును పెట్టెలోనే తుప్పు పట్టించేస్తాయి. పక్కనున్న చాకులకూ చేటే. ఏ ఎముక పిడీ ఇంత ద్రోహం చేయలేదు.

బెంచి వైస్:
పిడులు మార్చే పని చేస్తుంటాను కాబట్టి చెబుతున్నా. సెల్యులాయిడ్‌ను చూపించి డెల్రిన్‌ను తిట్టడం న్యాయం కాదు, రెండూ వేరే పదార్థాలు. సహజమైనవి కూడా అంతే. ఎముక మేకు చుట్టూ సన్నగా చీలుతుంది, ముఖ్యంగా రాతి మీద పడితే. గేదె కొమ్ము పొడి గాలికి వంకరపోతుంది, పురుగు కూడా తొలుస్తుంది. ఓపినెల్ అనే ఫ్రెంచి మడత చాకులో బీచ్ చెట్టు చెక్క పిడి తడిస్తే ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. 1891 నాటి స్విస్ సైనికుల చాకుకు ఓక్ చెక్క పిడి ఉండేది. తర్వాత గట్టిదనం కోసం వాళ్లే ఫైబర్‌కు మారారు.

నన్నడిగితే మైకార్టా. గుడ్డ పొరల్ని రెజిన్‌తో నొక్కి చేస్తారు. తడి చేతికీ జారదు, వాడేకొద్దీ రంగు ముదురుతుంది. ఇంట్లో పిడి మార్చేవాళ్లకు ఒక హెచ్చరిక: ఎముకైనా మైకార్టా అయినా రాకేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కొమ్ముపిడి:
రోజూ మట్టిలో తిరిగే చాకుకు పసుపు పిడిని ఒప్పుకుంటాను. అది పసుపుగానే ఉంటుంది, ఇంకోటిగా కనబడాలని చూడదు. గడ్డిలో పడినా కళ్లకు కనబడుతుంది. ఎముకలా గాట్లు పోసిన డెల్రిన్‌ను మాత్రం నా డబ్బుతో కొనను.

నల్లమల:
నేను కొంటాను. పశువు ఎముక కొమ్ములా కనబడితే తప్పు లేనప్పుడు, డెల్రిన్ ఎముకలా కనబడితే తప్పేమిటో నాకింకా అర్థం కాలేదు.

ఒహాయో తోట:
పసుపుదే తీసుకుంటున్నాను. అందులో తుప్పు పట్టే సీవీ (క్రోమ్ వెనేడియం) ఉక్కు బ్లేడు ఉన్న రకం ఎంచుకున్నా, పదును పెట్టడం తేలిక అంటున్నారు కదా. కీలుకి ఏ నూనె?

బెంచి వైస్:
మినరల్ ఆయిల్ ఒక చుక్క చాలు. పళ్లు కోస్తారు కాబట్టి మందుల షాపులో దొరికే రకం వాడండి. వంటనూనె వద్దు, జిగురెక్కి మడత బిగుసుకుపోతుంది. నిమ్మ, దానిమ్మ కోశాక మాత్రం బ్లేడును అప్పుడే తుడవండి.