హాలోవీన్‌కి చాక్లెట్లు కాకుండా పిల్లలకి ఏమిస్తున్నారు?

ఫ్రిస్కో అమ్మ:

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఈ వేసవిలోనే ఇల్లు కొనుక్కుని వచ్చాం. అపార్ట్‌మెంట్లో ఉన్నన్నాళ్లూ హాలోవీన్ (అక్టోబరు 31న పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్లి చాక్లెట్లు తెచ్చుకునే పండగ) అంటే మావాడికి వేషం వేసి తెలిసినవాళ్ల వీధికి తీసుకెళ్లడమే. ఇప్పుడు వీధిలో పిల్లలే మా గుమ్మంలోకి వస్తారు. పక్కింటావిడ "150 మందికి తక్కువ రారు" అని బెదిరించి వెళ్లింది.

మావాడికి ఆరేళ్లు. పల్లీలూ నువ్వులూ పడవు, ఎపిపెన్ (అలర్జీ ముదిరితే వెంటనే పొడిచే ఇంజెక్షన్) లేకుండా గడప దాటం. పోయినేడాది బుట్టనిండా తెచ్చుకున్నాడు. ఆ చిన్న చాక్లెట్లలో చాలావాటి మీద ఏమేం కలిపారో రాసి ఉండదు. అది పెద్ద సంచీ మీద ఉంటుంది, సంచీ ఏమో ఇచ్చినవాళ్లింట్లో ఉంటుంది. రాత్రి పదింటికి నేను ఫోన్లో ఒక్కో పేరూ వెతకడం, వాడు పక్కన కూర్చుని "పోనీ ఇదీ?" అనడం. చివరికి వాడికి మిగిలినవి ఐదు. మిగతావి వాళ్ల నాన్న ఆఫీసుకి పోయాయి.

మా ఇంటికొచ్చిన పిల్లల్లో ఇంకెవరికీ ఆ లెక్కలు ఉండకూడదని ఈసారి తినేవి ఏవీ పెట్టదల్చుకోలేదు. అలాగని "పెన్సిళ్లిచ్చే ఇల్లు" అని వీధిలో పేరు పడినా కష్టమే, వీడు ఆ పిల్లలతోనే బడికెళ్లాలి. 40 డాలర్లలో ఏమివ్వచ్చో చెప్పండి.

ఎడిసన్ నాన్న:

పెన్సిళ్ల సంగతి నన్నడగండి. మొదటి ఏడాది గుమ్మడికాయ బొమ్మలున్నవి 144 కొన్నాను. స్పైడర్‌మ్యాన్ వేషంలో ఒక బుడ్డోడు ఒకటి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "నా దగ్గరుంది" అని మళ్లీ గిన్నెలో పెట్టేశాడు. మా ఇంట్లో ఆ పెన్సిళ్లు ఇంకా అవలేదు.

అప్పట్నించీ గ్లో బ్రేస్‌లెట్లే. 100 ఉన్న డబ్బాలు రెండు తెచ్చుకోండి, మీ డబ్బుల్లో ఇంకా మిగులుతుంది. కిటుకంతా ఇచ్చే పద్ధతిలో ఉంది. డబ్బాలోంచి తీసి అలాగే చేతిలో పెడితే అదొక ప్లాస్టిక్ పుల్ల. మీరే వంచి, టక్కుమనిపించి, వెలిగాక చేతికి తొడిగితే ఆ మొహం చూడాలి. చీకట్లో పిల్లలు ఎటు పోతున్నారో కనిపిస్తుంది కాబట్టి వెనకున్న అమ్మానాన్నలకీ సంతోషమే. కాకపోతే ముందే అన్నీ విరిచి పెట్టుకోకండి. నేను ఒకసారి మధ్యాహ్నమే ఆ పని చేశాను, పెద్ద పిల్లలు వచ్చే వేళకి వెలవెలబోయాయి.

ఇంకోటి. ఇక్కడ చలికాలానికి గడియారం గంట వెనక్కి జరిపేది నవంబరు మొదటి ఆదివారం కాబట్టి, 31న మీ డాలస్‌లో ఆరున్నర దాకా వెలుతురే. చంటిపిల్లలు వచ్చేది ఆ వేళకే. వెలుతురులో ఇవి తేలిపోతాయి, పైగా నోట్లో పెట్టుకుంటారు. మా చిన్నది కొరికేసింది, ఒకటే ఉమ్ముడు, ఏడుపు. విషం లాంటివి మింగితే సలహా చెప్పే పాయిజన్ కంట్రోల్‌కి (1-800-222-1222) ఫోన్ చేస్తే నోరు కడిగి నీళ్లు తాగించమన్నారు, ఏమీ కాలేదు. అయినా ఆ పది నిమిషాలూ మనవి కావు. చంటివాళ్లకి పెద్ద పెద్ద స్టిక్కర్లు చాలు.

మినియాపొలిస్ అక్క:

తమ్ముడు చెప్పింది నిజం. ఆ రాత్రే, అక్కడికక్కడే ఆడుకునేదైతే పిల్లలు తీసుకుంటారు. రబ్బరు, స్కేలు, బడి వాసన వచ్చేది ఏదిచ్చినా మొహం మాడ్చుకుంటారు.

అమ్మాయీ, ఒక గుమ్మడికాయకి నెమలికంఠం రంగు వేసి గుమ్మంలో పెట్టు. ఈ ఇంట్లో తినేవి కాకుండా వేరేవి కూడా ఉన్నాయని గుర్తు. 2012లో టెన్నెసీలో మొదలైంది, 2014లో ఫేర్ అనే ఆహార అలర్జీల సంస్థ దేశమంతా ప్రచారం చేసింది. మా ఇంట్లో రెండు గిన్నెలుంటాయి, ఒకదాంట్లో చాక్లెట్లు, ఇంకోదాంట్లో బొమ్మలు. రెండూ ఎప్పుడూ కలపను. ఎవరికి అలర్జీ అని అడగను కూడా. ఏది కావాలో వాళ్లే తీసుకుంటారు. ఏ అలర్జీ లేనివాళ్లు కూడా సగంమంది సాలీడు ఉంగరాలకే చెయ్యి పెడతారు!

బొమ్మే కదా అని ప్లే-డో (పిల్లలు పిసికి బొమ్మలు చేసుకునే రంగుల ముద్ద) మాత్రం కొనకు. అందులో గోధుమపిండి ఉంటుంది, అది పడని పిల్లలూ ఉంటారు. నేను రెండేళ్లు తెలియక పంచాను.

కేరీలో అమ్మమ్మ:

నేను భీమవరం నుంచి మా అమ్మాయి దగ్గరికి వచ్చి వెళ్తుంటానమ్మా. 2024లో దీపావళీ ఇదీ ఒకే రోజు పడ్డాయి. మా చిన్నప్పుడు దసరాకి విల్లంబులు పట్టుకుని అయ్యవారి వెంట ఇంటింటికీ తిరిగితే పప్పుబెల్లాలు పెట్టేవారు, ఇదీ అలాంటిదే అనుకున్నాను. మా అమ్మాయి వద్దంటున్నా వినకుండా చేగోడీలు వండి, చిన్న కవర్లలో కట్టి పంచాను. అందరూ నవ్వుతూ పట్టుకెళ్లారు. పొద్దున్న నడకకి వెళ్తే నాలుగిళ్ల అవతల చెత్తడబ్బా మీద మూడు కవర్లు కనిపించాయి. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు నీ మాట చదివాక గుండె ఝల్లుమంది తల్లీ. ఆ చేగోడీల్లో నువ్వులు వేశాను.

ఫ్రిస్కో అమ్మ:

అమ్మమ్మగారూ, మీరు బాధపడకండి. ఇక్కడ కవర్ల మీద నువ్వుల పేరు రాసి తీరాలన్న రూలే 2023లో వచ్చింది. మావాడికి నువ్వులు పడవని మాకు తెలిసింది కూడా మా అత్తగారు ప్రేమగా పెట్టిన నువ్వులుండతోనే. ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తనివ్వరు.

అన్నయ్యా, అక్కా, మీ మాట ప్రకారం బ్రేస్‌లెట్లు రెండు డబ్బాలు, సాలీడు ఉంగరాలు, స్టిక్కర్లు చెప్పాను. 31 డాలర్లయింది. రంగుకి షాపుకెళ్తే మావారు ముదురు నీలం డబ్బా పట్టుకొచ్చారు. నెమలికంఠం అంటే ఏమిటో ఆయనకి తెలీదు. మా పెళ్లిచీర చూపించి మళ్లీ పంపించాను.