ఆన్‌లైన్‌లో చవక పరుపు: కొనొచ్చా?

ప్రశ్న: 78×72 అంగుళాల మెమరీ ఫోమ్ (ఒంటి ఒత్తిడికి ఒదిగి, మెల్లగా మళ్లీ లేచే ఫోమ్) పరుపు, మందం 6 అంగుళాలు, ఆన్‌లైన్‌లో చవగ్గా ఉంది. రేటింగులు బాగున్నాయి గానీ డెన్సిటీ (ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో) ఎక్కడా రాయలేదు. కొనొచ్చాండీ?

జవాబు 1: రేటింగులను నమ్ముకోకండి. పరుపు వచ్చిన కొత్తలో రాసినవి చాలా ఉంటాయి, ఫోమ్ కుంగేదేమో నెలలు గడిచాక. ముందు పేజీలో బరువు చూడండి. మీ సైజు పరుపు దాదాపు 0.55 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 32 కిలోల ఫోమ్ అయితే మొత్తం 17–18 కిలోలు తూగాలి, 40 అయితే 22. పన్నెండు కిలోలే ఉంటే అది నాసిరకం ఫోమే, నడుము దగ్గర త్వరగా గుంట పడుతుంది.

జవాబు 2: స్ప్రింగు పరుపులకు ఈ లెక్క కుదరదు, ఫోమ్‌కే. మెమరీ ఫోమ్ పొర ఎన్ని అంగుళాలో కూడా అడగండి. పైన అర అంగుళం వేసి కింద మామూలు ఫోమ్ నింపినా పేరు అదే పెడతారు. నా లెక్కలో 2 అంగుళాలైనా లేకపోతే ఆ పేరుకు డబ్బు పెట్టడం దండగ.

జవాబు 3: వారంటీలో గుంట ఎంత లోతైతే మారుస్తారో చదవండి. 1.5 అంగుళాలని ఉంటే, అంగుళం గుంటతో నడుము నొప్పి పుట్టినా మార్చరు. ట్రయల్ (కొన్నాళ్లు వాడి, నచ్చకపోతే తిరిగిచ్చే వీలు) ఉంటే వాపసు రవాణా ఖర్చు ఎవరిదో కనుక్కోండి. చుట్టి వచ్చిన పరుపును ఇంట్లో మళ్లీ అలా చుట్టలేం. మంచం చెక్కల మధ్య సందు 3 అంగుళాలు మించితే మంచి ఫోమ్ కూడా కుంగుతుంది.

అడిగినవారు: బరువు 13 కిలోలని ఉంది. వదిలేస్తున్నాను. థాంక్సండీ.