ప్రకటనలు మొదలవగానే స్టేషన్ మార్చేసే శ్రోత మళ్లీ వెనక్కి వస్తాడా?

ప్రశ్న: సాగరతీరం, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. ఎఫ్ఎం రేడియోలో ప్రకటనల విరామాలు శ్రోతల అలవాట్లను ఎలా మారుస్తున్నాయో, ఒక స్టేషన్ మీద ఏర్పడిన అభిమానాన్ని అవి ఎంతవరకు తగ్గిస్తున్నాయో ఈ రంగంతో పరిచయం ఉన్నవారి నుంచి తెలుసుకోవాలని ఈ ప్రశ్న అడుగుతున్నాను.

నేను రోజూ గాజువాక నుంచి మద్దిలపాలెం వరకు కారులో వెళ్తాను. ఇక్కడి ప్రైవేట్ స్టేషన్లన్నీ దాదాపు ఒకే రకం సినిమా పాటలు వేస్తాయి కాబట్టి, ఒకచోట ప్రకటనలు మొదలవగానే పక్క స్టేషన్‌కు మారడం నాకు అలవాటైపోయింది. తీరా మారితే అక్కడా ప్రకటనలే, మూడో స్టేషన్‌లోనూ ప్రకటనలే. ఎన్ఏడీ కూడలి దాటేలోపే విసుగొచ్చి ఫోన్‌లోని పాటలు పెట్టుకుంటాను. ఒకసారి ఫోన్ కలిపాక ఆ ప్రయాణంలో రేడియో జోలికి మళ్లీ వెళ్లను. మా అమ్మగారి తీరు ఇందుకు పూర్తిగా వేరు. ఆవిడ వంటింట్లో వివిధ భారతి పెట్టుకుంటే ఎన్ని ప్రకటనలు వచ్చినా పని ముగిసేదాకా కట్టేయరు. ఈ తేడా వయసు వల్ల వచ్చిందా, లేక ప్రకటనలు వేసే పద్ధతిలోనే ఏదైనా తేడా ఉందా? విరామం వస్తే నిజంగా ఎంతమంది వెళ్లిపోతారో ఎవరైనా కొలిచారా?

సమాధానం: తరంగమాల, హైదరాబాద్

సాగరతీరం గారూ, నేను ఒక ప్రైవేట్ ఎఫ్ఎంలో ప్రకటనల షెడ్యూలు తయారుచేసే విభాగంలో చాలాకాలం పనిచేశాను కనుక, మీకు ప్రతిచోటా ప్రకటనలే ఎందుకు ఎదురవుతున్నాయో ముందుగా చెబుతాను.

రేడియోలో ప్రకటన సమయాన్ని పది సెకన్ల లెక్కన అమ్ముతారు. కొనేవారందరికీ కావలసింది ఉదయం, సాయంత్రం జనం ఆఫీసులకు వెళ్లి వచ్చే వేళలే. మధ్యాహ్నం సగం ధరకు ఇస్తామన్నా చాలామంది ఒప్పుకోరు. ప్రతి స్టేషన్‌కూ గంటను పాటలుగా, ఆర్జే మాటలుగా, విరామాలుగా విడగొట్టిన ఒక నమూనా ఉంటుంది. గంట మొదట్లో మంచి పాటలతో శ్రోతను కూర్చోబెట్టి ఆ తర్వాతే విరామం ఇవ్వాలని అందరూ ఒకే విధంగా ఆలోచిస్తారు కనుక, ఎవరూ మాట్లాడుకోకపోయినా నమూనాలన్నీ ఇంచుమించు ఒకేలా తయారవుతాయి. పైగా ప్రైవేట్ ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు ఇవ్వడానికి అనుమతి లేదు, ఆకాశవాణి వార్తలను యథాతథంగా ప్రసారం చేయవచ్చు, అంతే. అందువల్ల పాటలు తప్ప శ్రోతను కట్టిపడేసే సరుకు తక్కువ. అదే పాట పక్క స్టేషన్‌లోనూ దొరుకుతున్నప్పుడు విరామం ముగిసేదాకా ఆగడానికి కారణం ఏముంటుంది?

ఆషాఢం, దసరా, సంక్రాంతి సమయాల్లో ఒక షీటు, అంటే ఒక విరామంలో వేసే ప్రకటనల జాబితా, ఎలా ఉంటుందో చూస్తే మీకు విషయం బోధపడుతుంది. మొదట చీరల దుకాణం, తర్వాత ఇళ్ల స్థలాలు, ఆ తర్వాత నగల దుకాణం, కోచింగ్ సెంటర్, మళ్లీ అదే చీరల దుకాణం మరో శాఖ పేరుతో. విరామంలో మొదటి స్థానమే కావాలని ప్రకటనదారులు పట్టుబట్టేవారు, ఎందుకంటే రెండో మూడో ప్రకటనకు వేలు బటన్ మీదికి వెళ్తుందని వారికీ తెలుసు. నా అనుభవంలో విరామం నిడివి కంటే, ఒకే విరామంలో ఒకే ప్రకటన రెండుసార్లు రావడమే శ్రోతకు ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది. ఇలాంటి షీటు మీద సంతకం పెట్టవద్దని మేము వాదించిన రోజులున్నాయి, కానీ పండుగ నెల ఆదాయంతోనే మిగిలిన నెలల జీతాలు గడవాలి కనుక ఆ వాదన నిలిచేది కాదు.

కొలిచారా అని అడిగారు. మన దేశంలో రామ్ అనే శ్రోతల కొలమానం 2007లో మొదలైంది, అయితే అది ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరు నగరాలతో, శ్రోతలు డైరీలో రాసే పద్ధతిలో నడిచింది. రెండు నిమిషాలు పక్క స్టేషన్‌కు వెళ్లి వచ్చిన సంగతిని ఎవరూ డైరీలో రాయరు కనుక, మీరు అడిగిన విషయం ఆ పద్ధతికి దొరకదు.

సమాధానం: దూరశ్రోత, హ్యూస్టన్

కొలిచిన ఉదాహరణ మా ఊళ్లోనే ఉంది. శ్రోత వెంట ఉంచుకునే చిన్న మీటరు ఒకటి ఉంటుంది, దాన్ని ఇక్కడ పీపీఎం అంటారు. స్టేషన్ తన ప్రసారంలో చెవికి వినిపించని సంకేతాన్ని కలిపి పంపితే, మీటరు దాన్ని పట్టుకుని ఎవరు ఏ నిమిషంలో ఏ స్టేషన్ దగ్గర ఉన్నారో నమోదు చేస్తుంది. హ్యూస్టన్‌లో సేకరించిన ఆ వివరాలతో రేడియో శ్రోతలను లెక్కించే ఆర్బిట్రాన్ సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి 2006లో చేసిన అధ్యయనంలో, విరామానికి ముందు ఉన్న శ్రోతల్లో సగటున 92 శాతం మంది విరామ సమయంలోనూ ఉన్నట్లు తేలింది. 2011లో ఇంకా పెద్ద స్థాయిలో మళ్లీ చూస్తే అది 93 శాతంగా వచ్చింది. విరామం చిన్నదైతే నష్టం దాదాపు ఉండదు, పొడవు పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది.

ఈ అంకెలను చూసి రేడియో యాజమాన్యాలు సంబరపడటం సహజమే. నేను మాత్రం వీటిని జాగ్రత్తగా చదవాలంటాను. మీటరు శబ్దం దగ్గర మనిషి ఉన్నాడని చెబుతుందే కాని, అతను వింటున్నాడని చెప్పదు. కిరాణా దుకాణంలో కౌంటర్ వెనుక ఉన్నవాడు, చేతులు తడిగా ఉన్న గృహిణి, ట్యాక్సీలో వెనుక సీట్లో కూర్చున్న ప్రయాణికుడు, వీరందరూ ఆ 92 శాతంలోనే ఉంటారు. కదలకుండా ఉండటం వేరు, అభిమానం వేరు. సాగరతీరం గారిలాగా విసిగిపోయి, మరునాడు అసలు రేడియో పెట్టకుండానే ఫోన్ కలిపిన శ్రోత ఏ విరామంలోనూ వెళ్లిపోయినట్లు నమోదు కాడు. అసలైన నష్టం అక్కడే జరుగుతోందని నా నమ్మకం.

కొలమానం విరామం చోటునే మార్చేసిన సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ గంటను నాలుగు పావుగంటలుగా లెక్కిస్తారు. ఒక పావుగంటలో అయిదు నిమిషాలు విన్నా ఆ పావుగంట మొత్తం స్టేషన్ ఖాతాలో పడేది. అందుకే పావుగంట ముగిసి మరొకటి మొదలయ్యే హద్దు మీద విరామాన్ని పెట్టడం ఆనవాయితీ అయింది. అలా చేస్తే రెండు వైపులా అయిదేసి నిమిషాల పాటలు మిగులుతాయి. 2025 జనవరి నుంచి, ఇప్పుడు ఈ కొలత చేస్తున్న నీల్సన్ సంస్థ ఆ అయిదు నిమిషాలను మూడుకు తగ్గించింది. శ్రోతకు ఎప్పుడు హాయిగా ఉంటుందన్న ప్రశ్న ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. 2005లో ఇక్కడ ఎన్నో రేడియో స్టేషన్లు నడిపే క్లియర్ ఛానల్ సంస్థ తన స్టేషన్లలో గంటకు ప్రకటనల సమయాన్ని తగ్గించి, నిమిషం ప్రకటనల స్థానంలో అరనిమిషం ప్రకటనలను ప్రోత్సహించింది. సమయం తగ్గినా ప్రకటన వెంట ప్రకటనగా వాటి సంఖ్య తగ్గకపోతే, వినేవారికి ఆ తగ్గింపు తెలియదని నాకనిపిస్తుంది.

సమాధానం: కృష్ణాతీరం, విజయవాడ

మీ అమ్మగారి అలవాటు గురించి నాలుగు మాటలు చెబుతాను. నేను ఆ తరంవాడిని.

1952 ప్రాంతంలో ఆకాశవాణి సినిమా పాటలను పక్కన పెట్టినప్పుడు దేశమంతా శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు మళ్లింది. అది వాణిజ్య ప్రసారం, అంటే మేము ప్రకటనలను వెతుక్కుంటూ వెళ్లామన్నమాట. బుధవారం రాత్రి అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా కోసం కాచుకుని కూర్చునేవాళ్లం. టూత్‌పేస్టు పేరు కార్యక్రమం పేరులోనే ఉన్నా ఎవరూ దాన్ని అడ్డంకిగా భావించలేదు. అదే స్టేషన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి గొంతులో వచ్చే తెలుగు పాటల కార్యక్రమం కోసం కూడా అలాగే ఎదురుచూసేవాళ్లం. ఆ పోటీని తట్టుకోవడానికే 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలైంది. దానిలో ప్రకటనలు 1967లో వచ్చాయి.

మేము ప్రకటనలకు కదలకపోవడానికి అభిమానం ఒక్కటే కారణం కాదని నిజాయితీగా ఒప్పుకోవాలి. మీడియం వేవ్ సెట్లో ముల్లును ఒకసారి కదిపితే మళ్లీ అదే చోటికి తెచ్చి స్పష్టంగా వినిపించేలా చేయడం పెద్ద పని, పైగా తిప్పినా దొరికే స్టేషన్లు రెండో మూడో. అయితే ఇంకొక కారణం కూడా ఉంది, దాన్ని మాత్రం నేటి స్టేషన్లు గమనించాలి. ఏ కార్యక్రమం ఎన్ని గంటలకు వస్తుందో మాకు కచ్చితంగా తెలుసు. ప్రకటన ముగియగానే ఏమి వస్తుందో తెలిసినవాడు ఆగుతాడు. ఏ క్షణాన ఏ పాట వస్తుందో తెలియని చోట ఎవరైనా ఎందుకు ఆగాలి?

ప్రశ్న అడిగినవారి స్పందన: సాగరతీరం, విశాఖపట్నం

ముగ్గురికీ ధన్యవాదాలు. దూరశ్రోత గారు చెప్పిన తేడా నాకు కొత్తగా, సరిగ్గా నా విషయంలో జరిగినట్లుగా అనిపించింది. తరంగమాల గారూ, ఆదాయం తగ్గకుండా ఒక స్టేషన్ ఇప్పటికిప్పుడు చేయగలిగినది ఏమైనా ఉందా?

సమాధానం: తరంగమాల, హైదరాబాద్

ఉంది, అదీ పెద్ద ఖర్చు లేకుండానే. కృష్ణాతీరం గారి మాటతోనే మొదలుపెడతాను. విరామానికి ముందు ఆర్జే "తర్వాత మంచి పాట" అనకుండా, పాట పేరూ గాయకుడి పేరూ చెప్పి, విరామం ముగియగానే ముందుగా దాన్నే వేయాలి. చాలా స్టేషన్లలో పేరు చెప్పిన పాట రావడానికి మధ్యలో ప్రోమో, పోటీ, ఇంకొక స్పాన్సర్ మాట వచ్చేస్తాయి. శ్రోత రెండుసార్లు మోసపోయాక మూడోసారి ఆగడు. ఒకే ప్రకటనదారుడికి ఒక విరామంలో ఒకే చోటు ఇవ్వాలన్న నియమాన్ని షెడ్యూలు సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టవచ్చు, దాన్ని ఒత్తిడి వచ్చినప్పుడల్లా తీసేయకుండా ఉండటమే కష్టం.

ఇళ్ల స్థలాల గురించి ఆర్జే తన సొంత మాటగా చెప్పే పద్ధతి ఇప్పుడు బాగా పెరిగింది. శ్రోత దాన్ని ప్రకటనగా గుర్తించడు కాబట్టి స్టేషన్ మార్చడు, ఆ క్షణానికి లాభమే. కానీ ఆ స్థలం కొని ఇబ్బందిపడినవాడు కంపెనీని కాదు, ఆ గొంతును గుర్తుపెట్టుకుంటాడు. ఆర్జే మీద ఉన్న నమ్మకమే స్టేషన్‌కు మిగిలిన ఏకైక సొంత ఆస్తి అయినప్పుడు దాన్ని అమ్మడం నాకు ఎప్పుడూ సమ్మతం కాలేదు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్ఎం ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది, అందులో కాకినాడ, కర్నూలు వంటి మన ఊళ్లూ ఉన్నాయి. అదే ఏడాది సామాజిక రేడియోలకు గంటకు 7 నిమిషాలుగా ఉన్న ప్రకటనల పరిమితిని 12 నిమిషాలకు పెంచారు. కొత్తగా వచ్చే స్టేషన్లు హైదరాబాద్ గంట నమూనాను యథాతథంగా తెచ్చి పెట్టుకోకుండా, మొదటి రోజు నుంచే విరామాన్ని రెండు నిమిషాలకు మించనివ్వకపోతే, ఆ ఊరి ప్రకటనదారుకు తక్కువ చోటును ఎక్కువ ధరకు అమ్మడం సాధ్యమేనని నేను భావిస్తున్నాను. ఒకసారి ఆరు నిమిషాల విరామానికి అలవాటుపడిన అమ్మకాల విభాగాన్ని వెనక్కి తీసుకురావడం మాత్రం ఎంత కష్టమో నేను స్వయంగా చూశాను.