అప్‌డేట్: పేపరు కవర్ల అడుగు ఇక ఊడట్లేదు

యువజన సంఘం పిల్లలు పాత న్యూస్‌పేపర్లతో చేసే కవర్ల అడుగు ఊడిపోతోందని అడిగాను కదా. మీరు చెప్పిందే నిజం, తప్పు మడతలో కాదు, మైదా జిగురులో. వేడినీళ్లలో పొడి మైదా పోస్తే ఉండలు కట్టి, లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆరాక పొట్టులా రాలుతుంది.

ఇప్పుడు 100 గ్రాముల మైదాని ముందు గ్లాసు చన్నీళ్లలో జారుగా కలిపి, మరుగుతున్న రెండు గ్లాసుల నీళ్లలో సన్నటి ధారగా పోస్తూ తిప్పుతున్నాం. సన్నసెగ మీద నాలుగైదు నిమిషాలకు తెల్లదనం పోయి గంజిలా నిగనిగలాడుతుంది. అప్పుడే దించాలి. చల్లారాక పల్చగా పూయాలి, మందంగా పూస్తే కాగితం నాని ముడతలు పడుతుంది.

జిగురుకు పురుగు పట్టకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమన్నారు. అది విషం, పిల్లలు చేత్తో పూస్తారు, అందుకే వద్దనుకున్నాం. ఏ పూటది ఆ పూటే ఉడికిస్తే సరి.

అడుగున స్వీటు డబ్బా అట్ట ముక్క అంటించి, నీడలో బరువు కింద ఆరబెడితే కిలో పప్పు బరువు తేలిగ్గా ఆపుతోంది. అలాగని తినేవి వేయకండి, అచ్చు సిరా అంటుతుంది. ఫ్యాన్సీ షాపులకు, మందుల షాపులకే ఇస్తున్నాం.